యౌవనారంభమున హృదయశిక్షణము – ఇస్లామీయ విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరముల క్రిందట ఒక అద్దెయింటి అరుగుమీద రెండు చెక్కబీరువాలతో ప్రారంభమైన మన గ్రంథాలయము నేడు రజతోత్సవము జరుపుకొనుచున్నది. ఈ శుభసమయమున నన్నుకూడ నాలుగు మాటలు చెప్పుమని కోరిన కార్యవర్గమువారికి నా కృతజ్ఞతలు. నేను వక్తను కాను, బడిపంతులను. ముప్పదియేండ్లు బడిలో పాఠములు చెప్పితిని. సాయంకాలములందు మసీదు వసారాలో పిల్లలకు ఖురాను చదువు నేర్పితిని. ఈ రెండుచోట్లను నేను తెలిసికొన్నది పిల్లల సంగతి యొక్కటే. కనుక దానినే ప్రసంగవిషయముగా నెత్తుకొనుచున్నాను.

ఇస్లామీయ విద్య యౌవనారంభమునందలి పిల్లల హృదయములకు ఏమి చేయవలెను, మనము ఏమి చేయుచున్నాము అన్నది నేటి విషయము. ఇది మసీదులో చెప్పవలసిన మాట గదా, గ్రంథాలయములో నెందుకని కొందఱికి తోచవచ్చును. మన గ్రంథాలయమున ఒకే బల్లమీద కూర్చుండి పత్రికలు చదువు పిల్లలలో ఎవడు మసీదు వీధివాడో, ఎవడు రామాలయము వీధివాడో ఆ బల్లకు తెలియదు. పదునాలుగేండ్ల కుఱ్ఱవాని కోపమునకు, సిగ్గునకు, భయమునకు, దుఃఖమునకు మతభేదము లేదు. ఒక యింటివారు తమ బిడ్డలను పెంచుటలో ఏ సంప్రదాయమును నమ్ముకొనిరో తక్కిన యిండ్లవారు తెలిసికొనుట ఇరుగుపొరుగు ధర్మము కూడ. అందుచేత ఈ మాట ఇచ్చటనే చెప్పదగినదని నా నమ్మకము.

ఇస్లాము ధర్మశాస్త్రమున మానవజీవితమునకు ఒక సరిహద్దు గలదు. దానిని 'బులూగ్' అందురు, అనగా ఈడేరుట. నిద్రించువాడు మేల్కొనువఱకు, బిడ్డ ఈడేరువఱకు, మతి చలించినవాడు స్వస్థుడగువఱకు వారి తప్పులను వ్రాయు లేఖిని యెత్తివేయబడి యుండునని మహమ్మదు ప్రవక్తవారు (వారికి శాంతి కలుగుగాక) చెప్పియున్నారు. ఈడేరిన నాటినుండి అయిదు పూటల నమాజు, రంజాను ఉపవాసము విధులగును. నిన్నటివఱకు బిడ్డ, నేడు తన పనులకు తానే బాధ్యుడు. శాస్త్రము ఈ సరిహద్దును స్పష్టముగా గీసినది. కాని దేహము ఈడేరినంత త్వరగా హృదయము ఈడేరదు. నేటి వైద్యశాస్త్రజ్ఞులు చెప్పుదాని ప్రకారము మెదడునందు ఆవేశములకు మూలమైన భాగములు ఈ వయస్సున ముందుగా చుఱుకుదనము పొందును. ఆ ఆవేశములను అదుపులో నుంచి, ముందువెనుకలు తూచి నిర్ణయము చేయు నుదుటి వెనుకటి భాగము ఇరువదియేండ్లు దాటిన పిమ్మటగాని పరిపక్వము కాదు. గుఱ్ఱము ముందు వచ్చును, కళ్లెము తరువాత వచ్చును. నడుమనున్న ఆ కొలది సంవత్సరములు కళ్లెము పట్టవలసినవారు పెద్దలు. దానిని ఎట్లు పట్టవలెనన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న నాకు పుస్తకములవలన కలుగలేదు. నా తప్పువలన కలిగినది. చాల సంవత్సరముల క్రిందటి మాట. మసీదు వసారాలో నా యొద్ద చదువుకొనుచుండిన పిల్లలలో పదునాలుగేండ్లవాడొకడు మిక్కిలి చుఱుకైనవాడు. ఖురాను కడపటి భాగమునందలి చిన్న సూరాలన్నియు వానికి కంఠస్థములు. ఒకమారు వారము దినములు వాడు రాలేదు. వచ్చిన దినమున పాఠ మప్పగింపుమంటిని. నోరు మెదపలేదు. అందఱి యెదుట మందలించితిని. తల వంచుకొని కూర్చుండెను. ఇది మొండితనమని తలచి బెత్తముతో కొట్టితిని. వాడు ఏడ్వలేదు, బదులు చెప్పలేదు. మరునాటినుండి మసీదు మెట్లు ఎక్కలేదు. నెల దినములు గడచిన పిమ్మట నాకు తెలిసినది: పొరుగూరిలో వానిని చిన్ననాట పెంచిన అమ్మమ్మ ఆ వారముననే చనిపోయినది. మగపిల్లవాడు ఏడ్వరాదని చుట్టములు వాని నోరు కట్టిరట. ఆ దుఃఖమునంతయు లోపల దాచుకొని వచ్చి వాడు నా యెదుట కూర్చుండెను. "ఎందుకు రాలేదు నాయనా?" అను ఒక్కమాట నేను అడుగలేదు.

ఆ తరువాత నేను గ్రంథములను మరల తెఱచితిని. నేను చేసినది మా సంప్రదాయమా, లేక సంప్రదాయమను పేర నా కోపమా అని వెదకితిని. నాకు దొరకినదానిని మీ ముందుంచుచున్నాను.

ప్రవక్తవారి వాక్కులను, నడవడిని తెలుపు హదీసు గ్రంథములందు అనస్ అను బాలుని వృత్తాంతము గలదు. క్రీస్తుశకము 622లో ప్రవక్తవారు మదీనాకు వచ్చినప్పుడు అనసు వయస్సు సుమారు పదియేండ్లు. తల్లి వానిని తీసికొనివచ్చి ప్రవక్తవారి సేవలో నుంచినది. 632లో ప్రవక్తవారు పరమపదించువఱకు అతడు వారి యింటనే పని చేసెను. అనగా పదియేండ్లనుండి ఇరువదియేండ్లవఱకు, సరిగా మనము మాటాడుకొనుచున్న ఆ వయస్సంతయు, అతడు వారి కనుసన్నలనే పెరిగెను. వృద్ధుడైన పిమ్మట అనసు ఆ దినములను తలచుకొని చెప్పినదేమనగా, ఆ పదియేండ్లలో ప్రవక్తవారు తనను ఒక్కమారైనను ఛీ యనలేదట; చేసిన పనికి ఎందుకు చేసితివని గాని, చేయని పనికి ఎందుకు చేయలేదని గాని గద్దింపలేదట. ఒకనాడు ఒక పనిమీద పంపగా ఈ కుఱ్ఱవాడు బజారులో ఆడుకొనుచున్న పిల్లలను చూచుచు నిలిచిపోయెను. కొంతసేపటికి ఎవరో వెనుకనుండి మెడ పట్టుకొన్నట్లు తోచి తిరిగి చూచునప్పటికి ప్రవక్తవారు నవ్వుచున్నారు. ముద్దుపేరుతో పిలిచి, చెప్పినచోటికి పోయితివా అని అడిగిరి. ఇదిగో, పోవుచున్నానని అతడు పరుగెత్తెను. అంతే. కుఱ్ఱవాడు తప్పు చేసెను, పెద్దలకు తెలిసినది, పని జరిగినది. నడుమ అవమానము మాత్రము లేదు.

మఱియొక వృత్తాంతము దీనికంటె కఠినమైనది. ఒక యువకుడు ప్రవక్తవారి సభకు వచ్చి వ్యభిచారమునకు తనకు అనుమతి యిమ్మని బాహాటముగా అడిగెను. సభవారందఱును వానిమీద విరుచుకొనిపడిరి. ప్రవక్తవారు వానిని దగ్గఱకు రమ్మని కూర్చుండబెట్టుకొనిరి. నీ తల్లి విషయమున ఎవడైన నిట్లు చేసిన నీకు సమ్మతమా అని అడిగిరి. కాదనెను. కూతురు, సోదరి, మేనత్త, పినతల్లి - ఇట్లు ఒక్కొక్కరినే పేర్కొని అడిగిరి. ప్రతిసారియు కాదనెను. ఇతరులును తమవారి విషయమున అట్లే సమ్మతింపరని తెలియజెప్పి, వాని రొమ్ముమీద చేయి యుంచి, వాని హృదయము శుద్ధి యగుగాక యని ప్రార్థించిరి. అటుపై వాని మనస్సు ఆ దిక్కునకు పోలేదట. ఈడు వచ్చిన కుఱ్ఱవానికి కలుగు కోరికను గూర్చి మన యిండ్లలో ఎవరును మాటాడరు. వాడు అడిగినచో చెంప పగులును. అడుగనిచో వానికి సెల్‌ఫోను చెప్పును. ఆ యువకుని ప్రశ్నకు సభవారు కోపముతోడను, ప్రవక్తవారు ప్రశ్నతోడను బదులు చెప్పిరి. వాని హృదయమును చేరినది ఏదియో వేరుగ చెప్పనక్కఱలేదు.

దుఃఖము విషయమున కూడ నా కన్నులు తెఱపించిన సంగతి యొకటి గలదు. పసివాడైన తమ కుమారుడు ఇబ్రాహీము చనిపోయినప్పుడు ప్రవక్తవారు కన్నీరు కార్చిరి. మీరును ఏడ్చుచున్నారా అని ఒక అనుచరుడు ఆశ్చర్యపడగా, ఇది దయ యని సమాధాన మిచ్చిరి. కన్ను చెమర్చును, హృదయము దుఃఖించును, అయినను దైవమునకు నచ్చని మాట పలుకమని చెప్పిరి. అనసు తమ్ముడైన ఒక పసివాని పెంపుడుపిట్ట చనిపోయినప్పుడు వానిని పలుకరించి, ఆ పిట్ట సంగతి అడిగిరి. పిట్టకొఱకు ఏడ్చిన బాలుని పలుకరించుట దైవదూతకు తగిన పనియైనప్పుడు, అమ్మమ్మకొఱకు ఏడ్వవలసిన బాలుని పలుకరించుట నాకు తగని పని యెట్లయినది?

కోపమును గూర్చి చెప్పినది ఇంకను స్పష్టము. కుస్తీలో ఇతరులను పడవేయువాడు బలవంతుడు కాడు, కోపమువేళ తన్ను తాను నిగ్రహించుకొనువాడే బలవంతుడని హదీసు. నిలుచున్నప్పుడు కోపము వచ్చినచో కూర్చుండవలెను, అప్పటికిని పోనిచో పండుకొనవలెను, చల్లని నీటితో 'వుజూ' అనగా నమాజుకు ముందు చేయు కాలుసేతుల శుద్ధి చేసికొనవలెను. ఇది పదునాఱేండ్లవానికి చేతికందిన సాధనము. కోపము పాపమని మాత్రమే చెప్పి విడిచిన వానికి ఏమి చేయవలెనో తెలియదు. కూర్చుండుము, మంచినీటితో మొగము కడుగుకొనుము అనినచో తెలియును. ఇది చెప్పు గురువు ముందుగా తాను కూర్చుండవలెనని వేరుగ చెప్పవలయునా?

ఇక ఖురానును చూతము. లుక్మాన్ అను జ్ఞాని తన కుమారునకు చేసిన ఉపదేశము ముప్పదియొకటవ సూరాలో గలదు. అతడు మాటిమాటికి ఓ నా చిట్టితండ్రీ యను భావముగల పిలుపుతో సంబోధించును. చేయవలసినదానికి, చేయరానిదానికి కారణము చెప్పును. తలబిరుసుగా నడువవలదనుటయు, గొంతు తగ్గించి మాటాడుమనుటయు అందున్నవి. ఎలుగెత్తి యరచుటను గాడిద కూతతో పోల్చుటయు నున్నది. ముప్పదియేడవ సూరాలో ఇబ్రాహీము ప్రవక్త తనకు వచ్చిన స్వప్నమును, తనతోకూడ నడచి పనిచేయు ఈడు వచ్చిన కుమారునకు చెప్పి, నీ అభిప్రాయమేమి యని అడుగును. దైవాజ్ఞ యని తాను నమ్మిన విషయమందు సైతము తండ్రి కుమారుని సంప్రదించెను. మనమో, వాడు ఏ చదువు చదువవలెనో వానిని అడుగకయే నిర్ణయించుదుము. పండ్రెండవ సూరాలో బాలుడైన యూసుఫు తన కలను తండ్రితో చెప్పును. తండ్రి నవ్వి త్రోసివేయడు, విని జాగ్రత్త చెప్పును. ఆ కుమారుడు దూరమైనప్పుడు ఆ తండ్రి కన్నులు శోకముచే తెల్లవడినవని ఖురానే చెప్పుచున్నది. అన్నల అసూయ, కుఱ్ఱవాని ఒంటరితనము, ప్రలోభమును తప్పించుకొనుట, తుదకు క్షమించుట - యౌవనమున హృదయమునకు ఎదురగు పరీక్షలలో పెక్కు ఆ యొక్క సూరాలో నున్నవి. మన పిల్లలు దానిని చదువుదురు. ఎట్లు చదువుదురో ముందు చెప్పెదను.

ఇప్పుడు ఇద్దఱు మహావిద్వాంసులను స్మరింతును. మొదటివాడు గజాలీ. 1058లో ఇరానుదేశమునందలి తూసు పట్టణమున జన్మించెను. తాను బాల్యము దాటుచుండగనే గతానుగతికముగా వచ్చిన నమ్మకముల బంధము తన మనస్సున సడలిపోయినదని అతడు స్వీయచరిత్రలో చెప్పుకొన్నాడు. క్రైస్తవుల బిడ్డలు క్రైస్తవులుగను, యూదుల బిడ్డలు యూదులుగను, ముస్లిముల బిడ్డలు ముస్లిములుగను పెరుగుట చూచి, పెద్దలు చెప్పకముందు మనిషి సహజస్వభావమేమి యని ప్రశ్నించుకొన్నాడు. అట్టి ప్రశ్న మన పిల్లవాడు నేడు వేసినచో వానిని చెడిపోయినవాడందుము. ఆ ప్రశ్న వేసిన కుఱ్ఱవాడే ఇస్లాము ప్రపంచమున మహాచార్యుడయ్యెను. 1091లో బాగ్దాదునందలి నిజామియా విద్యాలయమున ప్రధానాచార్య పదవి నందెను. 1095లో అతని మనస్సున మహాసంక్షోభము పుట్టినది. పాఠము చెప్పబోయిన నాలుక తిరుగలేదు, అన్నము గొంతు దిగలేదు. పదవి విడిచి దేశాటనము చేసెను. అటుపై అతడు వ్రాసిన మహాగ్రంథము ధర్మవిద్యల పునరుజ్జీవనమును గూర్చినది. ఎంత విద్య యున్నను హృదయము పండనిచో అది భారమేయని అనుభవమున నెఱిగినవాడు గనుక ఆ గ్రంథమున పిల్లల పెంపకమును గూర్చి ఒక ప్రకరణము చేర్చెను.

అందు గజాలీ చెప్పినది సంగ్రహముగా నిది. బిడ్డ తల్లిదండ్రుల చేతిలో నుంచబడిన అమానతు, అనగా తిరిగి లెక్క యొప్పగింపవలసిన నిక్షేపము. వాని హృదయము ఏ రేఖయు లేని శుద్ధమణి. మంచి పని చేసినప్పుడు పదిమందిలో మెచ్చుకొనవలెను. మొదటి తప్పును చూచియు చూడనట్లుండవలెను, ముఖ్యముగా వాడే దానిని దాచుకొన యత్నించుచున్నప్పుడు. మరల చేసినచో రహస్యముగా మందలింపవలెను. మాటిమాటికి తిట్టినచో తిట్లకు అలవాటుపడి వాని మనస్సున మాటకు విలువ పోవును. చదువు ముగిసిన పిమ్మట ఆడుకొననీయవలెను. ఎల్లప్పుడు చదువుమని నిర్బంధించినచో వాని హృదయము చచ్చి, తెలివి మొద్దుబారి, చదువునుండి తప్పించుకొను ఉపాయములు వెదకును. ఈడు సమీపించినప్పుడు, అంతవఱకు అలవాటుగా చేయించిన ఆచారముల అంతరార్థమును వానికి తెలియజేయవలెను. ఈ తుదిమాట మిక్కిలి ముఖ్యము. చిన్నతనమున "చేయుము" అనిన చాలును. యౌవనమున "ఎందుకు" అన్నదానికి జవాబు లేనిచో చేయించిన అలవాటు నిలువదు.

రెండవవాడు ఇబ్న్ ఖల్దూన్. 1332లో ట్యూనిసులో జన్మించెను. 1348, 1349 ప్రాంతమున వచ్చిన మహామారిలో తల్లిదండ్రులను, గురువులలో పెక్కుమందిని పోగొట్టుకొన్నాడు. అప్పటికి అతనికి పదునేడేండ్లు. 1377లో వ్రాసిన తన చరిత్రగ్రంథపు పీఠికలో విద్యార్థులను కఠినముగా శిక్షించుటవలని హానిని గూర్చి ప్రత్యేకముగా చర్చించెను. బలాత్కారముతో పెరిగినవాని మనస్సు ముడుచుకొనిపోవును. ఉత్సాహము నశించి సోమరితనము వచ్చును. దెబ్బ తప్పించుకొనుటకు లోపలనున్నదొకటి, పైకి కనబఱచునదొకటి యగును. అబద్ధము, మోసము అలవాటై తుదకు స్వభావమే యగునని అతని వాదము. పిల్లలకే కాదు, జాతులకును ఇదియే గతి యని వ్రాసెను. దెబ్బ అవసరమే యనుకొన్నను మూడింటికి మించరాదని ఒక ధర్మశాస్త్రవేత్త చెప్పిన హద్దును పేర్కొనెను. ఖలీఫా హారూన్ రషీదు తన కుమారుని గురువునకిచ్చిన ఆదేశమును కూడ ఉదాహరించెను. ఏ గడియయు వ్యర్థము చేయక ఏదో యొకటి నేర్పుము గాని, వానిని దుఃఖపెట్టి బుద్ధిని చంపవలదని దాని సారాంశము.

ఇచ్చట ఒక ఆక్షేపణ గలదు. నేనును ఒకప్పుడు చెప్పుకొన్నదే. ఏడేండ్ల బిడ్డకు నమాజు చేయుమని చెప్పుడు, పదియేండ్లకును చేయనిచో కొట్టుడని హదీసు గలదు గదా యందురు. గలదు, దాచనక్కఱలేదు. కాని లెక్క చూడుడు. ఏడవయేటినుండి పదవయేటివఱకు మూడు సంవత్సరములు. దినమునకు అయిదు నమాజులు. అయిదువేలకు పైగా పర్యాయములు మంచిమాటతో పిలిచిన పిమ్మట వచ్చు మాట యది. అదియును ముఖముమీద కొట్టరాదు, గాయము కారాదు, కోపము తీర్చుకొనుటకు కొట్టరాదు అని ధర్మశాస్త్రవేత్తలు కట్టుబాట్లు పెట్టిరి. ఆ మాట చెప్పిన ప్రవక్తవారే యుద్ధరంగమున తప్ప తమ చేతితో స్త్రీని గాని, సేవకుని గాని ఎన్నడును కొట్టలేదని వారి ధర్మపత్ని ఆయిషాగారు సాక్ష్యమిచ్చిరి. మనము అయిదువేల పిలుపులు విడిచి బెత్తము మాత్రము పట్టుకొంటిమి. హదీసును పాటించుచున్నామని చెప్పుకొనుట మాత్రము విడువలేదు.

చట్టమును గూర్చి కూడ ఒక మాట. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడులలో పిల్లలను కొట్టుటను, మానసికముగా హింసించుటను నిషేధించినది. 2012లో చేసిన సవరణ ప్రకారము ఆ చట్టము మదరసాలకు, వేదపాఠశాలలకు, ముఖ్యముగా మతవిద్య నేర్పు సంస్థలకు వర్తింపదు. కొందఱు దీనిని స్వేచ్ఛ యనుకొందురు. నాకు ఇది మఱింత బరువుగా తోచుచున్నది. ఆ చట్టము గుమ్మము బయట నిలిచిపోయినచోట లోపల నున్న పిల్లవానికి దిక్కు గురువు అంతరాత్మ యొక్కటే.

ఇప్పుడు చదువు తీరునకు వచ్చెదను. మన యిండ్లలో నాలుగేండ్ల నాలుగు నెలల నాలుగు దినములకు బిడ్డకు బిస్మిల్లా చేయించుట ఆచారము. అక్షరములు నేర్చి, స్వరము తప్పక ఖురానంతయు చదివి ముగించుట గొప్ప వేడుక. ఈ పఠనము నాకు పవిత్రము. దానిని తక్కువ చేయను. కాని పండ్రెండేండ్లకు ఖురాను ముగించిన పిల్లవానిని యూసుఫు కథ చెప్పుమన్నచో చెప్పలేడు. అరబ్బీ అక్షరము వచ్చును, అర్థము రాదు. హృదయమునకు సరిపడు మందు నాలుకమీదనే నిలిచిపోయినది. తెలుగులో తొలి ఖురాను అనువాదము చేసినవారు చిలుకూరి నారాయణరావు పంతులుగారు. వారు ముస్లిములు కారు, మహాపండితులు. పొరుగువాని గ్రంథము తన భాషలో నుండవలెనని ఒక పండితుడు శ్రమించినప్పుడు, మన గ్రంథము మన బిడ్డకు తన భాషలో తెలియవలెనని మనము శ్రమింపకుండుట సిగ్గుచేటు కాదా?

ఆడపిల్లల సంగతి వేరుగ చెప్పవలసి యున్నది. మగపిల్లవాడు ఈడేరినచో విధులు వచ్చును. ఆడపిల్ల ఈడేరినచో పెక్కు యిండ్లలో చదువే పోవును. దేహములో కలుగు మార్పును గూర్చి ఆమెకు తల్లి చెప్పదు, గురువు చెప్పడు. భయము, సిగ్గు మాత్రము మిగులును. మదీనా స్త్రీలు తమకు ప్రత్యేకముగా ఒక దినము కావలెనని ప్రవక్తవారిని కోరి పాఠము చెప్పించుకొనిరి. మతవిషయములు తెలిసికొనుటకు సిగ్గు వారికి అడ్డు రాలేదని ఆయిషాగారు అన్సారు స్త్రీలను మెచ్చుకొన్నారు. దేహశుద్ధిని గూర్చిన ప్రశ్నలు సైతము వారు అడిగిరి, జవాబులు పొందిరి. పదునాలుగువందల యేండ్ల క్రిందట మదీనాలో అడుగవచ్చిన ప్రశ్న నేడు మన ఊరి ఆడపిల్ల అడుగరానిదెట్లగును?

ఇది గ్రంథాలయోత్సవము గనుక మఱియొక కుఱ్ఱవానిని మీకు పరిచయము చేసెదను. 980లో బుఖారా ప్రాంతమున జన్మించిన ఇబ్న్ సీనా పదియేండ్లకే ఖురాను నేర్చెను. యౌవనమున అరిస్టాటిలు తత్త్వగ్రంథము నొకదానిని నలువదిమారులు చదివియు అర్థము కాక నిరాశ చెందెను. చిక్కు వచ్చినప్పుడెల్ల మసీదునకు పోయి ప్రార్థించుట అతని అలవాటు. ఒకనాడు పుస్తకముల బజారులో ఒక దళారి పుస్తకము చూపి కొనుమనెను. వలదనెను. యజమాని పేదవాడు, మూడు దిర్హములకే యిచ్చుననగా కొనెను. అది ఫారాబీ వ్రాసిన వివరణము. ఇంటికి పోయి చదువగా చిక్కులన్నియు విడిపోయినవి. ఆ ఆనందము పట్టజాలక మరునాడు పేదలకు దానములు చేసెను. కొలదికాలమునకు సుల్తానునకు జబ్బు చేయగా వైద్యులతోపాటు పిలువబడి, ప్రతిఫలముగా రాజగ్రంథాలయములో చదువుకొను అనుమతి కోరి పొందెను. అప్పటికి అతనికి పదునెనిమిదేండ్లు నిండలేదు. నిరాశ, ప్రార్థన, ఆనందము, దానము, గ్రంథాలయము - ఆ కుఱ్ఱవాని హృదయము ఏ మెట్లు ఎక్కినదో చూడుడు. మసీదు, గ్రంథాలయము అతనికి ఒకే యింటి రెండు గదులు.

కనుక నా మనవి యిది. మొదటిది, మసీదులో గాని, బడిలో గాని, ఇంటిలో గాని, మందలించుటకు ముందు ఎందుకని ఒకమారు అడుగుదము. మందలించినను నలుగురి యెదుట మందలింపకుందము. రెండవది, ప్రతి శుక్రవారము సాయంకాలము అరగంట, చదివిన సూరా అర్థమును తెలుగులో చెప్పి పిల్లల ప్రశ్నలను విందము. ఏ ప్రశ్నకును దండన లేదని ముందే మాట యిత్తము. మూడవది, వారమున ఒక దినము ఈ గ్రంథాలయమును ఆడపిల్లలకు, తల్లులకు ప్రత్యేకింపుడని కార్యవర్గమువారిని వేడుచున్నాను. నాలుగవది, అస్ర్ నమాజు పిమ్మట పిల్లలను ఆటస్థలమునకు పోనిత్తము; ఆట చదువుకు శత్రువు కాదని గజాలీయే చెప్పెను గదా.

నా కథకు చివర మిగిలియున్నది. మసీదు విడిచిన ఆ కుఱ్ఱవాడు చెడుత్రోవ పట్టవలసినదే. పట్టలేదు. అతడు సాయంకాలములు ఈ గ్రంథాలయములోనే, ఆ మూలనున్న కిటికీ ప్రక్కన కూర్చుండెడివాడట. అప్పటి గ్రంథపాలకుడు వానిని ఏమియు అడుగక, చదివిన పుస్తకము తీసికొని మఱియొకటి యిచ్చుచుండెడివాడట. నేను పోగొట్టిన పిల్లవానిని ఈ గ్రంథాలయము నిలిపినది. ఈ ఋణము చెప్పుకొనుటకే నేను నేడు ఈ వేదిక ఎక్కితిని.

అతడిప్పుడు లారీ నడుపుకొని జీవించుచున్నాడు. మొన్న రంజాను నెలలో తన కుమారుని చేయి పట్టుకొని మా యింటికి వచ్చెను. నాకు సలాము చేసి, కుమారుని ముందుకు నెట్టి, "మాస్టారూ, వీడికి మీరే చదువు చెప్పాలి. ఒక్కటే మనవి. వీడు జవాబు చెప్పకపోతే, ఎందుకని ఒక్కసారి అడగండి" అనెను. నేను తల యెత్తి అతని మొగము చూడలేకపోతిని. అతని మాటలో కోపము లేదు. ఆ బాలుడు ఇప్పుడు నా యొద్ద చదువుచున్నాడు. బెత్తము నా యింట లేదు.

ఈ గ్రంథాలయము ఇంకను నూఱేండ్లు వర్ధిల్లుగాక. నోరు మెదపని ప్రతి పిల్లవానికిని కిటికీ ప్రక్కన ఒక కుర్చీ యిచ్చటను, ఒక మంచిమాట మసీదు వసారాలోను ఎల్లప్పుడు దొరకుగాక.